పొయ్యమ్మ గారి పొయ్యి

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు. మాది గ్యాసు పొయ్యి, అందులో పిల్లి పడుకునే వీలు లేదనుకోండి. అయినా దాన్ని వెలిగించే తీరిక ముగ్గురిలో ఒక్కరికీ లేదు. మా అత్తగారు గుహలో, నేను లాబ్‌లో, మా ఆయన మ్యూజియంలో. ముగ్గురం పట్టుకు వేలాడింది మాత్రం ఒకే నిప్పుని. లక్షల ఏళ్ళ కిందట, మన పూర్వీకులు ఇంకా పూర్తిగా మనుషులు కాని రోజుల్లో, ఎవరో వెలిగించారని అందరూ నమ్ముతున్న నిప్పు అది. దాని ధర్మమా అని మేము బజారు రొట్టెలు నములుతూ బతికాం.

మా అత్తగారిది తవ్వకాల ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొండగుహలో నేల తవ్వుతుంటే ఆవిడకి మూడు చారలు కనబడ్డాయట. పైన బూడిదరంగు, మధ్యలో నలుపు, అడుగున ఎరుపు. చుట్టూ నల్లబడ్డ ఎముకలు. కట్టెల పొయ్యి చూసినవాళ్ళెవరైనా ఏమంటారు? ఆవిడా అదే అంది. "పొయ్యి!" అని గుహ దద్దరిల్లేలా కేకపెట్టిందట. తవ్వకాలకి అప్పటి పెద్దాయన ఆ సాయంత్రమే పత్రికలవాళ్ళని పిలిచాడు. ఆ తర్వాత అది పుస్తకాలకెక్కింది, బడిపిల్లల పాఠంలోకి బొమ్మతో సహా వచ్చింది. మా అత్తగారికి పొయ్యమ్మ అని పేరొచ్చింది. మొదట చాటుగా అనేవాళ్ళు. తర్వాత ఎదుటే "పొయ్యమ్మ గారూ" అనడం మొదలుపెట్టారు. ఆవిడ పలికేది.

ఆ పొయ్యి చుట్టూ ఇనుప కంచె కట్టించారు, పైన అద్దం పెట్టించారు. ఎన్ని లాబ్‌లు అడిగినా గుప్పెడు మట్టి ఇచ్చింది లేదు. "ఉన్నది ఒక్క పొయ్యి. కోస్తే మళ్ళీ రాదు," అనేది. అడిగి అడిగి వాళ్ళే ఊరుకున్నారు.

అలాంటిది ఆ ఎండలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం జీపు దిగి, ఒళ్ళో పెట్టుకొచ్చిన మూటని మా భోజనాల బల్ల మీద పెట్టింది. విరిగిన కాలికి వేసినట్టు తెల్లటి కట్టు వేసి ఉంది దానికి. దారంతా సీటు మీద పెట్టనివ్వలేదని డ్రైవరు నాతో గొణిగి వెళ్ళాడు.

"ఏమిటత్తయ్యా ఇది?"

"పొయ్యి."

నేను తాగుతున్న నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"ఒక మూల నుంచి కోసుకొచ్చాను. మూడు చారలూ ఉన్నాయి. నువ్వు చూడు," అంది చెప్పులు విప్పుకుంటూ.

"నేనా?"

"ఏం, చేతకాదా?"

మా అత్తగారు ఏదైనా అడిగే పద్ధతి అదీ. మట్టిని కోసి చూడటం నా వృత్తి. లాబ్‌లో చేరి ఇన్నేళ్ళయినా ఒక్కనాడు కూడా ఆవిడ "ఏం చేస్తావమ్మా అక్కడ" అని అడిగిన పాపాన పోలేదు. నేను టీ వడకట్టాక జల్లెడ కడగలేదని, తువ్వాలు వంకరగా ఆరేశానని మాత్రం రోజూ చెప్పేది. నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు. ఆవిడ బూట్లలోంచి హాలంతా రాలే గుహ మట్టి గురించి రోజుకొక మాటైనా అనకపోతే నాకు నిద్రపట్టేది కాదు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని ఊరికే అన్నారా?

ఇంత అకస్మాత్తుగా ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ తవ్వకాల సీజనుతో ఆవిడ ఉద్యోగం అయిపోతుంది. వానలు పడేలోగా మ్యూజియంలో కొత్త హాలు తెరుస్తారు. హాలు నడిమధ్యన ఆ పొయ్యే. దాని చుట్టూ నిలువెత్తు బొమ్మల కుటుంబం. ఆ బొమ్మలు చేస్తున్నది మా ఆయనే. హాలుకి మా అత్తగారి పేరే పెడతారని కూడా అనుకుంటున్నారు. ఇంత పెళ్ళి పెట్టుకుని ఇప్పుడు జాతకాలు చూపించడమేమిటి అనుకున్నాను. పోనీలే, నిజమని తేలితే ఈవిడ గర్వానికి మరో కిరీటం అనుకుని మూటని జాగ్రత్తగా లాబ్‌కి పట్టుకుపోయాను.

పూర్వీకులు నిప్పు వాడారని తేల్చడం చెప్పినంత తేలిక కాదు. పిడుగు పడ్డా చెట్లు కాలతాయి, దానికి మనిషితో పని లేదు. పైగా నల్లగా ఉన్నదల్లా బొగ్గు కాదు. ఎముక మీద కూడా మరక పట్టి నల్లబడుతుంది. అందుకని మట్టి ముద్దని కదలకుండా, చారలు చెదరకుండా ఎలా ఉన్నది అలాగే జిగురులో నానబెడతాం. అది లోపలికంటా ఇంకి రాయిలా గట్టిపడాలి. దానికే వారాలు పడుతుంది. అప్పుడు రంపంతో పలచగా కోసి, గాజు పలక మీద అతికించి, వెలుతురు అటునుంచి ఇటు వచ్చేదాకా అరగదీస్తాం. ఆ తర్వాతే సూక్ష్మదర్శిని కింద పెట్టేది. నిజమైన బూడిద ఉంటే దాని స్ఫటికాలు కనబడతాయి. బొగ్గు ఉంటే అందులో చెట్టు నరాలు కనబడతాయి. ఇదంతా మామూలు రోజుల్లో నాకు ఎంతో ఇష్టమైన పని.

ఆ వారాల్లో మా అత్తగారు ఒక్కసారి కూడా "ఏమైంది" అని అడగలేదు. ప్రతి ఆదివారం గుహ దగ్గరి క్యాంపు నుంచి ఇంటికొచ్చేది, బట్టలు ఉతుక్కునేది, నా జల్లెడ గురించి ఒక మాట అనేది, మళ్ళీ వెళ్ళేది. నాకే ఉండబట్టలేక "జిగురు ఇంకా ఆరలేదత్తయ్యా," అంటే, "నేనడిగానా?" అనేది.

మధ్యలో ఒకరోజు మా ఆయనకి రొట్టెలు ఇవ్వడానికి మ్యూజియం వెనక షెడ్డుకి వెళ్ళాను. బొమ్మలు దాదాపు పూర్తయ్యాయి. వెనక్కి వాలిన నుదురు, ముందుకొచ్చిన దవడ, ఒళ్ళంతా వెంట్రుకలు. ఒక మగవాడు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక చంటిది. నడుమ ఎర్ర బల్బు పెట్టి దాని మీద కట్టెలు పేర్చాడు. పెద్దావిడ బొమ్మ రెండు చేతులూ ఆ బల్బు మీదికి చాపి కూర్చుంది. చేతులు నాకు బాగా తెలిసినవి. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి, కుడి బొటనవేలు కొంచెం వంకర.

"మీ అమ్మ చేతులు కదూ?" అన్నాను.

"చెప్పకు. హాలు తెరిచిన రోజున చూసి పోల్చుకోవాలి," అన్నాడు. మొహమంతా వెలిగిపోయింది, బల్బు వల్ల కాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఏడాదిలో సగం గుహలోనే ఉంటే ఈయన పక్కింటి వాళ్ళ దగ్గర పెరిగాడు. అమ్మని తన దగ్గర్నుంచి లాక్కున్న పొయ్యిని ఇప్పుడు తన చేతులతో కడుతున్నాడు. అందులో ఆయనకి ఏదో తీరుతోందని నాకు తెలుస్తూనే ఉంది. నేను రొట్టెలు ఇచ్చి వచ్చేశాను.

జిగురు ఆరింది. కోశాను, అరగదీశాను, చూశాను.

బూడిద లేదు.

నేను తప్పు చూశానేమోనని కళ్ళు కడుక్కుని మళ్ళీ చూశాను. ఒక్క బూడిద స్ఫటికం లేదు, ఒక్క బొగ్గు నలుసు లేదు. పైనున్న బూడిదరంగు చార అంతా కుళ్ళి గట్టిపడ్డ గబ్బిలాల రెట్ట. అందులో అక్కడక్కడా రాయిలా మారిపోయిన పురుగుల పెంకులు, రెక్కల తునకలు. గబ్బిలాలు తినేవి పురుగులనే కదా. మధ్యలో నలుపు, పైనుంచి కారిన నీళ్ళతో దిగిన మరక. ముద్దలో చిక్కిన ఎముక ముక్కని కోసి చూస్తే పైపైనే నలుపు, లోపల శుభ్రంగా తెలుపు. అడుగున ఎరుపు, ఇనుము తుప్పు. మట్టి ఎప్పుడైనా వేడెక్కిందో లేదో చెప్పే యంత్రం మా దగ్గర ఉంది. దాన్ని అడిగితే ఆ ఎర్రమట్టి పుట్టి బుద్ధెరిగాక నిప్పు మొహం చూడలేదని తేల్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను. ఇక్కడ కొండను తవ్వి గబ్బిలాన్ని పట్టారు, అది కూడా పూర్తిగా దొరకలేదు.

నవ్వు రావలసిన చోట నాకు నవ్వు రాలేదు. ఒక మనిషి బతుకంతా గాజు పలక మీద పల్చగా పరిచి ఉంది. దాని మీద నేను పేరు రాసి పెట్టాలి.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన చేతికంటిన బంకమట్టి గోళ్ళలోంచి తీసుకుంటున్నాడు. తీసుకుంటూ తీసుకుంటూ ఆగిపోయాడు.

"ఖాయమా?"

"ఖాయమే."

"నిప్పులేనిదే పొగ రాదంటారు. అంతమంది ఊరికే నమ్ముతారా?"

"పొగ ఉంటే కదా. ఉన్నదల్లా రెట్ట."

ఆయన వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "చెప్పొద్దనడం లేదు. హాలు తెరిచేదాకా ఆగమంటున్నాను. లక్షల ఏళ్ళు ఆగిన పొయ్యి, ఇంకొన్నాళ్ళు ఆగలేదా? అమ్మ ఒక్కసారి ఆ దండ వేయించుకుని ఇంటికి రానీ."

"దండ వేయించుకున్నాక బయటపడితే ఊరందరి ముందూ నవ్వులపాలవుతుంది. ఇప్పుడైతే మన ముందే."

"అమ్మ తట్టుకోలేదు."

"అది నీకెలా తెలుసు?"

"నాకు తెలియకపోతే నీకు తెలుసా? లోకం ఏమంటుందో తెలుసా నీకు? అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టు, ఈవిడ పొయ్యి మీద తీర్చుకుందంటారు."

అన్నాక ఆయనే నాలిక కరుచుకున్నాడు. కానీ అన్నమాట అన్నట్టే ఉండిపోయింది. నాకు కోపం వచ్చింది, ఆ కోపం వెనకాలే భయం వేసింది. నిజంగా నాలో ఏ మూలో ఆ కక్ష ఉందా? జల్లెడ గురించి పడ్డ మాటలన్నీ పోగై నా కళ్ళకి గబ్బిలాలు చూపిస్తున్నాయా? అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో ఆ వారం నాకు బాగా తెలిసొచ్చింది. చెబితే అత్తగారి పరువు, దాచితే నా పని మీద నాకున్న గౌరవం. మా ఆయనా నేనూ ఉప్పు అందించుకోవడానికి తప్ప మాట్లాడుకోలేదు.

నా మీద నాకే నమ్మకం కుదరక ముద్దలో మిగిలిన సగాన్ని, నాతో చదువుకుని వేరే లాబ్‌లో పనిచేస్తున్న ఒకావిడకి పంపించాను. ఏ గుహో, ఎవరిదో చెప్పలేదు. పొయ్యి అన్న మాటే ఎత్తలేదు. "ఇదేమిటో చూసిపెట్టు," అన్నానంతే.

కొన్నాళ్ళకి ఫోను చేసింది. ముందు ఒక నవ్వు నవ్వింది.

"ఎవరిదే ఈ గుహ? గబ్బిలాల మరుగుదొడ్డికి ఇంత ముద్దుగా కట్టు కట్టి పంపించావు!"

నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక లాబ్ గోడకి ఆనుకుని కాసేపు ఏడ్చాను. కక్ష కాదని తేలినందుకు కొంత, ఇక తప్పించుకునే దారి లేనందుకు కొంత.

ఆ ఆదివారం మా అత్తగారు వచ్చింది. మధ్యాహ్నం ఆరిన దుప్పట్లు తీసుకొచ్చి మంచం మీద పడేసి, "ఒక కొస పట్టుకో," అంది. మా ఆయన రొట్టెలకి వెళ్ళాడు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ గదికి ఆ చివర, నేను ఈ చివర. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేను అనిపించింది.

"అత్తయ్యా, మట్టి చూశాను."

"ఊఁ. కొస జారిపోతోంది, సరిగ్గా పట్టుకో."

"అది పొయ్యి కాదు."

ఆవిడ దుప్పటిని ఒకసారి గట్టిగా దులిపింది. తర్వాత నా దగ్గరికి నడిచొచ్చి తన రెండు కొసలూ నా చేతిలో పెట్టి, కిందికి జారిన మడత అందుకుంది.

"పురుగుల రెక్కలు కనిపించాయా?" అంది.

తల ఊపాను.

"బూడిద?"

"లేదత్తయ్యా. ఒక్క నలుసు కూడా లేదు. ఇంకో లాబ్‌లో కూడా చూపించాను. మీదని చెప్పకుండా."

ఆవిడ దుప్పటి వదిలేసి మంచం మీద కూర్చుంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని పెద్దగా ఒక ఊపిరి వదిలింది. అన్నేళ్ళలో ఆవిడ అలా ఊపిరి వదలడం నేను వినలేదు. పడిపోతుందేమోనని దగ్గరికి వెళ్ళాను.

"నా నెత్తిన పాలు పోశావే తల్లీ," అంది.

నేను సరిగ్గానే విన్నానా అని మొహంలోకి చూశాను. కళ్ళలో నీళ్ళున్నాయి. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"మీకు ముందే తెలుసా?"

"తెలియదు. అనుమానం. పొయ్యి దొరికిన చాలా ఏళ్ళకి వేరే కొండలో ఇంకో గుహ చూశాను. ఇప్పటికీ గబ్బిలాలున్న గుహ. అడుగున నేల గీకితే బూడిదరంగు, నలుపు, ఎరుపు. అచ్చం నా పొయ్యే. అక్కడ ఎవరూ వంట చేయలేదు కదా! ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఎవరు 'పొయ్యమ్మ గారూ' అని పిలిచినా, ఎవరో నన్ను దొరకబుచ్చుకున్నట్టే ఉండేది."

"మరి పరీక్ష చేయించకపోయారా?"

"భయం వేసింది. తర్వాత మొహమాటం. కాదేమో అని నేనంటే, ఎంత వినయమో అనేవాళ్ళు. నిజంగా అన్నానే, ఒకటి రెండుసార్లు. చప్పట్లు కొట్టారు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు వాడు ఆ బొమ్మలు చేస్తున్నాడు. ఊళ్ళో పిల్లలందరూ వచ్చి చూస్తారు. నా పేరు పైన రాస్తారు. అది మాత్రం నావల్ల కాదనిపించింది."

"బయటి లాబ్‌కి పంపిస్తే సరిపోయేదిగా. నా ప్రాణం తీశారు."

"బయటివాళ్ళు నా మొహం చూసి, 'స్పష్టంగా లేదు, ఇంకా పరిశోధించాలి' అని రాసి పంపేవాళ్ళు. నా తప్పు నాకు మొహం మీద చెప్పేవాళ్ళు కావాలి. అందుకు కోడలిని మించినవాళ్ళు ఎవరున్నారే? పెళ్ళయిన వారం తిరక్కుండానే నా కూరలో ఉప్పు ఎక్కువైందన్నావు నువ్వు. ఇంట్లో అందరూ గుటుక్కున మింగారు. నువ్వొక్కదానివే అన్నావు."

"నిజంగానే ఎక్కువైందత్తయ్యా."

"అయింది. ఎవరు కాదన్నారు?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. నేను ఆ సగం మడత పెట్టిన దుప్పటి మీదే కూలబడ్డాను. "గబ్బిలాల మరుగుదొడ్డి అంది మా స్నేహితురాలు," అని చెప్పేసరికి మా అత్తగారు పొట్ట పట్టుకుంది. "దానికి నేను అద్దం బిగించాను! కంచె కట్టించాను! పెద్దపెద్దవాళ్ళని చెప్పులు విప్పించి మరీ చూపించాను!" అంటూ మళ్ళీ మళ్ళీ నవ్వింది.

రొట్టెలతో వచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"చెప్పేశావా?"

"చెప్పేసింది," అంది మా అత్తగారు. "నువ్వు ఆపావట కదా."

నేను ఆ మాట అనలేదు. ఆవిడే ఊహించుకుంది. ఆయన గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

"నీ కోసమే అమ్మా. నువ్వు తట్టుకోలేవని... వారం నుంచి నాకు నిద్ర లేదు. మీరు చూస్తే ఇలా నవ్వుతున్నారు!"

"ఇటు రా," అని ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ పొయ్యి కోసం నిన్ను పక్కింట్లో వదిలి వెళ్ళాను. అది పొయ్యి కాకపోతే నేను ఏం సంపాదించినట్టు అని నీకు బెంగ. అంతేనా?"

ఆయన తల వంచుకున్నాడు.

"ఆ బెంగ నాకూ ఉంది. పోనిది అదొక్కటే. ఆ పేరు మాత్రం పోయింది, బరువు తగ్గింది," అంది ఆవిడ. ఆయన వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది. నేను టీ పెడతానని లేచి వెళ్ళాను, వాళ్ళిద్దర్నీ కాస్త వదిలేద్దామని.

మర్నాడు ముగ్గురం మ్యూజియం డైరెక్టరు గారి గదిలో కూర్చున్నాం. విషయం విన్నాక ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"అమ్మా, ఆహ్వానాలు అచ్చయిపోయాయి."

"అచ్చయినవన్నీ నిజాలైతే నేను మళ్ళీ మళ్ళీ ఎందుకు తవ్వుతానండీ?"

"పోనీ, 'పొయ్యి కావచ్చు' అని రాద్దాం. ఎవరికీ నొప్పి ఉండదు."

"పక్కన 'గబ్బిలాల రెట్ట కావచ్చు' అని కూడా రాస్తారా?"

ఆయన నావైపు తిరిగారు. "మీరైనా కాస్త నచ్చజెప్పండి. ఎంతైనా మీ అత్తగారు."

"నేను చెప్పవలసింది నేను చెప్పేశానండీ. ఆవిడ చెప్పవలసింది ఆవిడ చెబుతున్నారు," అన్నాను. మా అత్తగారు మెచ్చుకోలుగా నావైపు చూసిందని చెప్పలేను. కానీ తప్పు పట్టలేదు. మా ఇంట్లో అది మెచ్చుకోలు కిందే లెక్క.

డైరెక్టరు గారు చివరికి మా ఆయన్ని పట్టుకున్నారు. "మరి ఆ బొమ్మలు? మంట తీసేస్తే చేతులు అలా గాల్లో చాపుకుని ఏం చేస్తున్నట్టు?"

మా ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ ముందురోజే షెడ్డుకి వెళ్ళి బొమ్మల్ని చూసొచ్చింది. పెద్దావిడ బొమ్మ చేతుల దగ్గర చాలాసేపు నిలబడి, తన బొటనవేలు ఒకసారి చూసుకుని, కొడుకు జుట్టు చెరిపి వచ్చిందట. ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు.

"నిప్పు లేనివాళ్ళు చలేస్తే ఏం చేస్తారు? చేతులు చంకల్లో పెట్టుకుంటారు, ఒకరినొకరు ఆనుకుని కూర్చుంటారు. అలా పెట్టు," అంది. "చంటిదాన్ని మధ్యలోకి జరుపు."

అలాగే పెట్టాడు. బల్బు తీసేసి ఆ బొమ్మలన్నిటినీ దగ్గరికి లాగేసరికి హాలులో సగం చోటు మిగిలిపోయింది. ఆ చోట్లో నా గాజు పలకల ఫోటోలు పెద్దవి చేసి పెట్టారు. పొయ్యిని పొయ్యి కాదని ఎలా తెలుసుకుంటామో రాసి పెట్టారు. హాలు తెరిచిన రోజున మా అత్తగారు మైకు ముందు నిలబడి, "నన్ను ఇన్నాళ్ళూ పొయ్యమ్మ అన్నారు. ఆ పేరు ఈవేళ తిరిగి ఇచ్చేస్తున్నాను. కారణం అదిగో, మూడో వరసలో కూర్చుంది, మా కోడలు," అంది. జనం తలలన్నీ నావైపు తిరిగాయి. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కొందరు నవ్వారు, కొందరు నొచ్చుకున్నారు. ఒక పెద్దమనిషి మాత్రం లేచి, "ఇన్నేళ్ళ శ్రమ వృథా అయిందని మీకు బాధగా లేదా?" అని అడిగాడు. "ఇన్నేళ్ళు ఉంది. ఈ మధ్యే తగ్గింది," అంది ఆవిడ. చప్పట్లు ఆలస్యంగా మొదలయ్యాయి, కానీ చాలాసేపు ఆగలేదు.

ఇక ఆవిడ ఇంట్లో కూర్చుంటుందనుకున్నాను. ఆకాశంలో మబ్బులు పోగవుతున్నాయి. సీజను కొన్ని రోజులే మిగిలింది. ఆవిడ రెండు రోజులు ఇంట్లో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. మూడో పొద్దున లేచి బూట్లు తొడుక్కుంది.

"ఎక్కడికత్తయ్యా?"

"గుహకి. ఇన్నేళ్ళూ అది పొయ్యి కదా, చెదరకూడదని దాని కింద ఎవరినీ తవ్వనివ్వలేదు. నేనూ తవ్వలేదు. దాని కింద ఏముందో ఇంతవరకు ఎవరికీ తెలియదే!" అంది. ఆ "తెలియదే" అన్నప్పుడు ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. మా ఆయన కూడా వచ్చాడు. చిన్నప్పటి నుంచి ఆయన ఆ గుహలోకి రాలేదట, అదే మొదటిసారి.

తవ్వకాల కూలీల మేస్త్రి కంచె విప్పబోయి ఆగాడు. "అమ్మగారూ, నిజంగా తీసేయమంటారా?" అని రెండుసార్లు అడిగాడు. ఆవిడ అద్దాన్ని తనే ఎత్తి పక్కన పెట్టింది. బూడిదరంగు చార మీద మోకాళ్ళు ఆనించి కూర్చుని చిన్న తాపీతో గీకడం మొదలుపెట్టింది. మా ఆయన తట్ట పట్టుకున్నాడు. నేను జల్లెడ పట్టుకున్నాను. మూడు చారలూ వరసగా లేచిపోయాయి. కింద పసుపు మట్టి వచ్చింది, దాని కింద రాళ్ళు వచ్చాయి. గుహ బయట మొదటి చినుకులు పడుతున్న చప్పుడు వినిపించింది.

ఆవిడ తాపీ ఆగింది. వంగి చూసింది. కుంచెతో తుడిచింది. మళ్ళీ వంగింది. రాళ్ళ మధ్యలో, అరచేయంత నల్లటి మచ్చ ఒకటి. ముగ్గురం దాని మీదికి వంగాం. మేస్త్రి నోరు తెరిచాడు. ఆయన ఏ మాట అనబోతున్నాడో మాకు తెలుసు.

"నోర్ముయ్!" అంది మా అత్తగారు. తాపీ నాకిచ్చి, ఒంటి మీద మట్టి దులుపుకుంటూ, పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. "అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో. ఇదేమిటో నువ్వే చెప్పాలి. నేను మాత్రం ఏమీ అనను."